‘నంహై’కి నేను పెట్టిన నామం

1993 జులై రెండో వారంలో నన్ను బిలాస్‌పూర్‌లో వేశారు. ఉత్తర్వులో హోదా రీసెర్చ్ అసిస్టెంట్. పొట్టిగా ఇంగ్లీషులో ఆర్.ఏ. అని రాసుకునేవాళ్లం. ఆ రెండు అక్షరాలూ కలిపి చదివితే ‘రా’ అవుతుంది. ఆ ఉద్యోగానికి అంతకన్నా సరైన పేరు లేదు. పైన భోపాల్‌లో డైరెక్టరుగారు, ఆయన కింద ప్రాజెక్టు ఆఫీసరు దూబేగారు, ఆయన కింద నేను. రమ్మంటే రావాలి, రాయమంటే రాయాలి.

ఊరు నాకు కొత్త కాదు. మా తాతగారు బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్డులో ఖలాసీగా చేరారు. నాన్న గూడ్స్ గార్డు. నేను పుట్టింది రైల్వే ఆసుపత్రిలో, పెరిగింది రైల్వే క్వార్టర్లో, చదివింది రైల్వే స్కూల్లో. పెళ్లి కూడా రైల్లో చేసేస్తారేమోనని మా స్నేహితురాళ్లు ఏడిపించేవారు. డైరెక్టరుగారు నన్ను తీసుకోవడానికి కారణం ఈ స్థానబలమే. ఇంటర్వ్యూలో, అక్కడి భాషలు వచ్చా అని అడిగారు. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, ఇంగ్లీషు అంటూ నాలుగు వేళ్లు మడిచి చూపించాను. ఐదో వేలు మడవకుండా మిగిలిపోయిందన్న సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ప్రాజెక్టు ఉద్దేశం చెప్పాలి. అప్పట్లో కంప్యూటరంటే పెద్దలకు ఒక భయం ఉండేది: దాని ముందు కూర్చున్న పిల్లలు పక్కవాళ్లను మరిచిపోతారని. బడి ఈడు రాని గిరిజన పిల్లల ముందు కంప్యూటర్ పెడితే వాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారో చూడాలని మా సంస్థ అనుకుంది. ఒక బాల్వాడీకి రెండు కంప్యూటర్లు ఒక విద్యాసంవత్సరం పాటు ఇస్తారు. పిల్లలు కలిసిమెలిసి వాడుతున్నారని తేలితే ఆ బాల్వాడీని మూడేళ్లు పొడిగిస్తారు, పైకప్పు బాగుచేయిస్తారు, గోడలకు సున్నం కొట్టిస్తారు. ఎవరికి వారే యమునా తీరే అని తేలితే బాల్వాడీ మూతపడుతుంది, కంప్యూటర్లు మరోచోటికి వెళ్తాయి. ఈ షరతు ప్రాజెక్టు పత్రం మొదటి పేజీలోనే ఉంది. నేను దాన్ని చదివాను కూడా.

ఎంపికైన బాల్వాడీ లోకో షెడ్డు దాటాక గ్యాంగ్‌మెన్ల క్వార్టర్ల వెనక ఉండేది. గ్యాంగ్‌మెన్ అంటే పట్టాల కింద కంకర సర్దుతూ, బోల్టులు బిగిస్తూ, ఎండావానల్లో లైను వెంట నడిచే పనివాళ్లు. ఆ వరసలో ఎక్కువమంది జశ్‌పూర్ కొండల నుంచి వచ్చిన ఉరాంవ్ గిరిజన కుటుంబాలవాళ్లు. తల్లులు కూడా అదే లైన్లో కూలికి వెళ్లేవారు. బాల్వాడీ రాకముందు పిల్లల్ని లైను పక్క కంకరగుట్ట మీద గోనెసంచీ పరిచి కూర్చోబెట్టేవారట. రైలొచ్చినప్పుడు గ్యాంగ్‌కు పెద్దగా ఉండే మేట్ ఈల వేస్తే పెద్దవాళ్లు పక్కకు తప్పుకునేవారు. పిల్లలకు వేరే కాపలా ఉండేది కాదు.

బాల్వాడీ నడిపేది ఎత్వారీ అనే ఆమె. ముప్పై ఏళ్లుంటాయి, ఉరాంవ్ మనిషే, మెట్రిక్ దాకా చదువుకుంది. ఆమె ఉద్యోగాన్ని ఏడాదికోసారి పొడిగించేవారు. అందరూ ఎత్వారీ దీదీ అనేవారు. ఆదివారం పుట్టింది కనక ఎత్వారీ. వాళ్లలో చాలామందికి పుట్టిన వారమే పేరు. హాజరు పట్టీ తెరిస్తే వారమంతా కనిపించేది: సోమ్రా, మంగ్రా, బుధ్ని. సోమ్రా మంగళవారం వచ్చేవాడు, మంగ్రా సోమవారం మానేసేవాడు, ఆదివారం మాత్రం వారమంతా డ్యూటీలోనే ఉండేది. ఈ ఛలోక్తి నేను ఎత్వారీతో అంటే నవ్వి, మరి మీరే వారం పుట్టారు దీదీ అని అడిగింది. నాకు తెలియదన్నాను. “మరి మిమ్మల్ని ఇంట్లో ఎలా పిలుస్తారు?” అంది ఆశ్చర్యంగా.

పిల్లలు మొత్తం పదహారుమంది, మూడు నుంచి అయిదేళ్లవాళ్లు. కంప్యూటర్లు పెట్టిన గదిలోకి చెప్పులతో వెళ్లకూడదని దూబేగారు బోర్డు రాయించారు. ఆ పిల్లల్లో చెప్పులున్నవాళ్లు ఎవరూ లేరు గనక నియమం నూటికి నూరుపాళ్లు అమలైంది.

ఇక నా పని. పరిశీలన ఫారం అని సైక్లోస్టైల్ చేసిన కాగితం ఉండేది. ఒక్కో విడతకు ఒక్క పిల్లనే ఎంచుకుని పది నిమిషాలు ఆ పిల్లనే చూడాలి. ప్రతి అరనిమిషానికీ చేతి గడియారం చూసి ఒక గడిలో టిక్కు పెట్టాలి. గడులు నాలుగు: ఒంటరిగా, పక్కపక్కన, కలిసి, గొడవ. పక్కపక్కన అంటే ఒకేచోట కూర్చుని ఎవరి పని వారు చేసుకోవడం, మన బస్సు ప్రయాణంలాంటిది. మాటలకు మరో రెండు గడులు: ఎదుటివారితో, తనలో తాను. పిల్ల ఎవరి ముఖమైనా చూస్తూ మాట్లాడితే మొదటిది, చూడకుండా మాట్లాడితే రెండోది. ఆ మాటను వినిపించింది వినిపించినట్టు పక్కన రాయాలి. పరిశీలకురాలు పిల్లలతో మాట్లాడకూడదు, అడిగినా జవాబివ్వకూడదు, నవ్వకూడదు. గోడ మీద బల్లిలా ఉండాలి. నిజానికి బల్లికి నాకన్నా స్వేచ్ఛ ఎక్కువ, అది అప్పుడప్పుడు పలకొచ్చు.

మొదటి రోజు ఇంటికి వెళ్లి ఇదంతా వివరిస్తే అమ్మ చేట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

“పిల్లలాడుకుంటంటే కాయితం మీద గీతలు గీడం కూడా ఉజ్జోగమేటే? దానికి ఎమ్మే సదవాలేటి?”

“గీతలు కాదమ్మా, టిక్కులు.”

“ఏటో, నీ టిక్కులూ నీ టెక్కులూ!”

అమ్మ ప్రాస కోసం అన్నా పాయింటు సరైనదే. టిక్కులు పెట్టేవాళ్లకు కొంత టెక్కు వస్తుంది. నాకు వచ్చింది.

ఫారం పైభాగంలో పిల్ల వివరాలు ఉండేవి: పేరు, వయసు, సొంత ఊరు, మాతృభాష. ఇవి నింపడానికి పొద్దున్నే డ్యూటీకి వెళ్లే గ్యాంగ్‌మెన్లను పనిముట్ల గది దగ్గర ఆపి అడిగాను. తల్లులు అప్పటికే నీళ్ల కుళాయి దగ్గర వరస కట్టి ఉండేవారు, వాళ్లను కదిలించడం కష్టమనిపించింది. ఇంట్లో ఏం మాట్లాడతారు అంటే ప్రతి తండ్రీ సుత్తి భుజాన పెట్టుకుని నిటారుగా నిలబడి “హిందీ, మేడమ్” అన్నాడు. ఇన్‌స్పెక్టరు అడిగితే చెప్పే గొంతుతో. పదహారు ఫారాల్లో పదహారు ‘హిందీ’లు గుండ్రంగా రాశాను.

ఇక్కడ నాకు అనుమానం రావాల్సింది. ఎందుకంటే మూడో తరగతిలో కొత్తగా వచ్చిన టీచరు ఇదే ప్రశ్న నన్ను అడిగినప్పుడు నేనూ లేచి నిలబడి హిందీ అనే చెప్పాను. తెలుగంటే వెనక బెంచీ వాళ్లు ‘అండు గుండు’ అని వెక్కిరిస్తారు. రైల్వేలో గట్టిగా అడిగిన ఏ ప్రశ్నకైనా హిందీ అన్నదే సురక్షితమైన జవాబు. ఆ సంగతి తెలిసిన మనిషి ఆ ఊరి మొత్తం మీద ఎవరైనా ఉంటే అది నేనే. కానీ ఆ రోజు నేను బెంచీకి అవతలివైపు నిలబడి ఉన్నాను, చేతిలో ఫారాలు బిగించిన అట్ట ఉంది.

పిల్లలకిచ్చిన ప్రోగ్రాం చాలా సులువైనది. తెర మీద ఒక చుక్క ఉంటుంది. బాణం గుర్తున్న కీ ఒకసారి నొక్కితే చుక్క ఒక అడుగు జరిగి వెనకాల గీత వదులుతుంది. దాంతో ఇల్లు గీయొచ్చు, పడవ గీయొచ్చు. వీళ్లు నెలలు తిరిగినా ఒకటే గీశారు: రెండు పొడుగు గీతలు, మధ్య అడ్డగీతలు. రైలు పట్టాలు.

ఒక్కో బెంచీ మీద నలుగురు. బుధ్ని అనే నాలుగేళ్ల పిల్ల కుడివైపు చివర కూర్చునేది. ఎప్పుడూ ఒక జడ ఊడి ఉండేది. ఆమె కీ ఒకసారి నొక్కి, తెర మీద చుక్క ఉన్నచోట వేలు ఆనించి ఒక మాట అనేది. చేయి తీసేసేది. పక్కనున్న సోమ్రా నొక్కేవాడు. వాడూ తెర మీద వేలు పెట్టి అదే మాట. తర్వాత మూడో పిల్ల. ఎవరూ ఎవరి ముఖం చూసేవారు కాదు, నలుగురి చూపూ చుక్క మీదే. అరుపుల్లేవు, లాక్కోవడాల్లేవు. ఆ మాట నాకు ‘నామ్ హై’ అని వినిపించింది. హిందీలో ‘పేరు ఉంది’ అని. గీతకు పేరుందని చెబుతున్నారు కాబోలు, ఆ పేరేమిటో మాత్రం చెప్పలేకపోతున్నారు పాపం అనుకున్నాను. మా నియమావళిలో దానికి చోటు సిద్ధంగా ఉంది: వస్తువులకు పేరు పెట్టడం, తనలో తాను. టిక్కు. ఎవరి ముఖమూ చూడలేదు, ఒంటరిగా. టిక్కు. పక్కన గుండ్రటి అక్షరాల్లో, నామ్ హై.

ఒక విడతలో ఒక్క పిల్లనే చూడాలన్న నియమం గురించి కూడా చెప్పాలి. బుధ్నిని చూసే పది నిమిషాలూ నాకు బుధ్ని చేయే కనిపించేది. అది తీసేశాక ఖాళీగా కూర్చున్న పిల్ల కనిపించేది. సోమ్రా విడతలో సోమ్రా చేయి. బెంచీ మొత్తాన్ని ఒక్కసారిగా చూసే గడి ఫారంలో లేదు. ఒక్కొక్కరినే చూశాను గనక నాకు ఒక్కొక్కరే కనిపించారు.

ఎత్వారీ పిల్లలకు పాఠాలు హిందీలో చెప్పేది, అది నిబంధన. ముక్కు తుడిచేటప్పుడు, ఏడుపు మాన్పించేటప్పుడు మరేదో మాట్లాడేది. సర్గుజా వైపు ఛత్తీస్‌గఢీ అయివుంటుంది అనుకున్నాను. నాకు తెలియని యాస ఏదో ఉండొచ్చుగానీ, నాకు తెలియని భాష ఈ ఊళ్లో ఉంటుందని నేను అనుకోలేదు.

డిసెంబరులో ఒకరోజు కుండ దగ్గరికి నీళ్లకు వెళ్లి వచ్చేసరికి ఎత్వారీ నా అట్ట మీదికి వంగి చూస్తోంది. గడుల పేర్లు హిందీలో కూడా ఉండేవి. “దీదీ, ‘అకేలా’లో ఇన్ని టిక్కులు ఎవరివి?” అంది. పిల్లలవేనన్నాను. “వీళ్లు ఒంటరిగా ఎక్కడున్నారు? కలిసే ఆడతారు కదా. మీరు వినడం లేదా?” అంది. నేను కాగితం బోర్లా తిప్పాను. టీచర్లకు ఫారం చూపించకూడదన్న నియమం ఉందని, టీచర్ల అభిప్రాయం సమాచారం కిందికి రాదని మర్యాదగానే చెప్పాను.

“అచ్ఛా” అంది ఎత్వారీ.

బిలాస్‌పూర్‌లో పుట్టినదాన్ని, ఆ అచ్ఛాకు ఒప్పుకోవడం అని అర్థం కాదని నాకు తెలుసు. తెలిసి కూడా పేజీ తిప్పి తర్వాతి పిల్లను మొదలుపెట్టాను.

ఫిబ్రవరిలో ఏకీభావ పరీక్ష జరిగింది. మా వృత్తిలో ఇది ముఖ్యమైన ఘట్టం. ఒకే పరిశీలకురాలు తన ఇష్టం వచ్చినట్టు టిక్కులు పెట్టలేదని రుజువు చేయడానికి మరో పరిశీలకురాలిని తెస్తారు. ఇద్దరూ గదికి చెరో మూల కూర్చుని ఒకే పిల్లను, ఒకే సమయంలో, మాట్లాడుకోకుండా గమనిస్తారు. తర్వాత ఫారాలు పక్కపక్కన పెట్టి టిక్కులు ఎంతవరకు కలిశాయో చూస్తారు. భోపాల్ నుంచి నీలిమ అనే అమ్మాయి వచ్చింది. చురుకైనది, హిందీ ఆమె ఇంటి భాష. వారం రోజులు కూర్చున్నాం. దూబేగారు ఫారాలు కలిపి చూసి కళ్లజోడు తీసేశారు. అంత ఏకీభావం తన సర్వీసులో చూడలేదన్నారు. నా కాగితంలో ‘నామ్ హై’ ఉన్న ప్రతిచోటా నీలిమ కాగితంలోనూ ‘నామ్ హై’ ఉంది. తెలిపారాలోని మా ఆఫీసులో ఆ సాయంత్రం సమోసాలు తెప్పించారు. నేను రెండు తిన్నాను.

మార్చిలో నివేదిక తయారైంది. ‘కలిసి’ గడిలో దాదాపు అన్నీ సున్నలే. గోడలకు సున్నం కొట్టిస్తామన్న ప్రాజెక్టు చివరికి నాచేత సున్నలు కొట్టించింది. ఈ వర్గపు పిల్లలు కంప్యూటరు ముందు పరస్పర వ్యవహారం లేకుండా, తమలో తాము గొణుక్కుంటూ, ఒంటరిగా ఉంటారని నిర్ణయం. బాల్వాడీ పొడిగింపు అక్కర్లేదని సిఫారసు. కంప్యూటర్లను ఆఫీసర్ల కాలనీలోని నర్సరీకి మార్చమని ఆదేశం. ముసాయిదా శుద్ధప్రతి రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుందని దూబేగారి నమ్మకం.

ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం రిక్షా బండి వచ్చింది. కంప్యూటర్లను థర్మోకోల్ ముక్కల మధ్య పెట్టెల్లో సర్ది బండి మీద పెట్టారు. అప్పగింత రసీదు మీద సంతకం చేయడానికి నేను వెళ్లాను. పరిశీలన ముగిసింది గనక మాట్లాడకూడదన్న నియమం ఇక లేదు, కానీ తొమ్మిది నెలలు నోరు మూసుకున్నాక ఏం మాట్లాడాలో తోచలేదు. పిల్లలు గుమ్మంలో వరసగా నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు. బుధ్ని మాత్రం వచ్చి ఒక చేయి పెట్టె మీద పెట్టింది. రెండో చేత్తో నా వేలు పట్టుకుని లాగి, దాన్ని కూడా పెట్టె మీద ఆనించింది. నా ముఖంలోకి చూసి ఆ మాటే అంది.

పెట్టెకు పేరుందని చెబుతోందనుకుని, ఆ పేరేమిటి అని హిందీలో అడిగాను. తొమ్మిది నెలల్లో ఆ పిల్లతో నేనన్న మొదటి మాట అది. బుధ్ని ఎత్వారీ వైపు చూసింది.

“పేరు కాదు దీదీ” అంది ఎత్వారీ. “మా మాట అది. కుఁడుఖ్. నంహై అంటోంది.”

ఎత్వారీ పాఠం చెప్పే గొంతుతో, వేళ్లు మడుస్తూ చెప్పింది. “ఎంఘై అంటే నాది. ఎంహై అంటే మాది, నీది కాదు. నంహై అంటే నాదీ, నీదీ, ఇక్కడున్న అందరిదీ. గీత నొక్కి నంహై అంటే, ఇది అందరిదీ, ఇక నువ్వు నొక్కు అని. ఇప్పుడు మీతో అంటోంది. ఈ పెట్టె అందరిదీ, మీది కూడా అని.”

బండివాడు తాడు బిగించి, రసీదు ఇవ్వమన్నాడు. ఇచ్చాను.

తెలుగు చదివేవాళ్లకు ఇందులో వివరించాల్సింది ఏమీ లేదు. మాది వేరు, మనది వేరు. హిందీలో రెండింటికీ హమారా ఒక్కటే. ఇంగ్లీషులోనూ అంతే. ఇంటర్వ్యూలో మడిచిన నాలుగు వేళ్లలో ఆ తేడా తెలిసిన వేలు ఒక్కటే, మొదటిది. పుట్టుకతో వచ్చిన భాష, మూడో తరగతిలో లేదని చెప్పిన భాష. కుఁడుఖ్ మన భాషకు దూరపు చుట్టమని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ చుట్టం తొమ్మిది నెలలు నా ఎదురుగా కూర్చుని ‘మనది, మనది’ అని పిలిచింది. నేను దాన్ని పేరు అనుకున్నాను. పేరు అనుకుని నామం పెట్టాను.

ఆ మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లి ఫారాల కట్టలు విప్పాను. ప్రతి పేజీలో నా గుండ్రటి అక్షరాలు. ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడం నా వృత్తి, ఆ రోజు మాత్రం మానేశాను. ఇంటికి వెళ్లి అమ్మతో చెప్పాను. అమ్మ అంతా వింది.

“అదేటే, మనం కూడా మా అంటాం, మన అంటాం. నీకెలా తెలీనేదు?”

అమ్మ మళ్లీ అడిగింది. “ఆ పిల్లల అమ్మల్ని అడగనేదేటి?”

లేదన్నాను. నాన్నల్ని అడిగానన్నాను. అమ్మ అన్నం వడ్డించింది.

మర్నాడు డైరెక్టరుగారికి రెండు పేజీల లేఖ రాసి దూబేగారి ద్వారా పంపాను. మాటను తప్పుగా విన్నామని, ఆ టిక్కులన్నీ ‘ఎదుటివారితో’, ‘కలిసి’ గడుల్లోకి మారాలని, మాతృభాష గడి కూడా తప్పని రాశాను. దూబేగారు చెడ్డ మనిషి కాదు. నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి విషయం చెప్పారు. ఏకీభావ పరీక్ష నెగ్గిన సమాచారాన్ని తర్వాత ముట్టుకోకూడదు, అది నియమం. పైగా, నువ్వొక్కదానివే విని ఉంటే అనుమానించొచ్చు, ఇద్దరూ వేర్వేరు మూలల్లో కూర్చుని ఒకే మాట విన్నారు కదా అన్నారు. మా ఇద్దరి చెవులూ ఒకే బడికి వెళ్లాయని చెప్పబోయాను. ఆయన నవ్వి, బాగా చెప్పావు అన్నారు. నా మాటకారితనం ఎప్పుడూ అంతే, నవ్వు తెప్పిస్తుంది, పని చేయించదు. పది రోజులకు లేఖ తిరిగొచ్చింది. మూలన ‘చూశాం’ అని రాసి పొడి అక్షరాల సంతకం. ఫైలులో పెట్టారు.

రెండో లేఖ రాయొచ్చు. భోపాల్ వెళ్లి కూర్చోవచ్చు. ఆ వచ్చే నెలలో నా నియామకం పొడిగించాల్సి ఉంది. నేను రాయలేదు, వెళ్లలేదు. ఉద్యోగం పేరే ‘రా’ అయినప్పుడు ‘రాను’ అనడం నాకు చేతకాలేదు. పొడిగింపు వచ్చింది. ఏకీభావ పరీక్షలో అసాధారణ ప్రతిభ చూపినట్టు అందులో ఒక వాక్యం కూడా ఉంది. తర్వాత నాకొచ్చిన ప్రతి పదోన్నతి కాగితంలోనూ ఆ వాక్యం ఉంటూ వచ్చింది.

బాల్వాడీ ఏప్రిల్ నెలాఖరుకు మూతపడింది. మేలో నాన్న ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి చేతిలైటు, జెండాలు మూల పెడుతూ అన్నారు. “లైను పక్కని కంకరగుట్ట మీద నలుగురు పిల్లలు కూకున్నారే. మీ బాల్వాడీ పిల్లల్నాగున్నారు. నా బ్రేక్‌వ్యానుకి సెయ్యి ఊపినారు.” ఎండలోనా అని అమ్మ అడిగింది. నాన్న అవునన్నారు. ఆడపిల్లకు ఒక జడ ఊడి ఉందా అని నేను అడగలేదు.

రెండో దశ పరిశీలన జులైలో ఆఫీసర్ల కాలనీ నర్సరీలో మొదలైంది. అవే కంప్యూటర్లు, అవే ఫారాలు, అదే పరిశీలకురాలు. గది తలుపు తీసేసరికి లోపల నీలం చీర కట్టుకుని ఎత్వారీ కంప్యూటర్ల మీది ప్లాస్టిక్ కవర్లు తుడుస్తోంది. ఆయాగా చేరింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. బుధ్ని ఎలా ఉందని అడిగాను. తండ్రిని వేరే గ్యాంగ్‌లో వేశారు, ఎటు వెళ్లారో తెలియదంది. నేను అట్ట తీసుకుని నా మూలకు వెళ్లాను.

పిల్లలు వచ్చారు. మూడో నిమిషంలోనే మొదలైంది. “మేరా టర్న్!” “నహీఁ, మేరా హై!” నాదంటే నాదని కీబోర్డు అటు ఒకడు, ఇటు ఒకడు లాగుతున్నారు. ముఖాల్లో ముఖాలు పెట్టి అరుచుకుంటున్నారు. నియమావళి ప్రకారం ఇవి ఎదుటివారితో మాటలు. ‘గొడవ’ గడి కూడా తుది లెక్కలో పరస్పర వ్యవహారం కిందికే వస్తుంది. నా పెన్సిలు ఆగకుండా కదిలింది.

ఎత్వారీ బకెట్టు తీసుకుని నా పక్కనుంచి వెళ్తూ ఆగింది. “ఇక్కడంతా మేరా మేరా దీదీ” అంది మెల్లగా. “మీ కాగితం నిండిపోతుంది.”

నిండిపోయింది. ఆ ఏడాది నివేదికలో, ఈ నర్సరీ పిల్లల్లో కంప్యూటరు వల్ల సామాజిక వ్యవహారం పుష్కలంగా ఉందని తేలింది. ఏకీభావ పరీక్షకు మళ్లీ నీలిమే వచ్చింది. మళ్లీ సమోసాలు తెప్పించారు. పొడిగింపు మంజూరైంది. ఆ నర్సరీ గోడలకు అప్పటికే రంగు ఉంది, మళ్లీ వేశారు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు అడుగుతుంటారు, నేర్చుకున్నదేమిటని. రెండు విషయాలు. ఇద్దరు పరిశీలకులు ఏకీభవించారంటే ఇద్దరికీ తెలిసింది ఒకటేనని అర్థం. తెలియనిది కూడా ఒకటే కావచ్చు, దాన్ని ఆ పరీక్ష పట్టుకోలేదు. రెండోది, మాతృభాష అనే గడిని నేను తండ్రుల్ని అడిగి నింపాను. మాటలతో ఆడుకునే అలవాటున్న మనిషినై ఉండి కూడా ఆ మాటలోనే ఉన్న తల్లిని చూడలేదు.

పదవీ విరమణ చేసే నాటికి పరిశీలన ఫారాలు తయారుచేసే స్థాయికి వచ్చాను. నా చేతి మీదుగా వెళ్లిన ప్రతి ఫారంలోనూ ఆ గడి కింద చిన్న అక్షరాల్లో ఒక సూచన వేయించాను: తల్లిని అడిగి నింపవలెను. ఎందరు అడిగారో నాకు తెలియదు. ఆ గడికి ఏకీభావ పరీక్ష లేదు.